నమీబియా ఎడారిలో బౌల్డరింగ్: స్పిట్జ్‌కోపే ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

ఎడారి దేశానికి బౌల్డరింగ్‌కి (తాడు లేకుండా పెద్ద బండరాళ్లు, అంటే గుండ్లు ఎక్కే ఆటకి) వెళ్దామనుకోగానే చాలామంది ముందు చూసేది వీడియోలు, గ్రేడ్లు (ఎంత కష్టమో చెప్పే కొలతలు), ఏ గుండు ఎక్కాలన్న జాబితా. ఎడారిలో పని అటునుంచి మొదలుపెడితే కుదరదు. ఏ గుండు ఎక్కుతారో నిర్ణయించేది మీ బలం కాదు, ఆ పూట నీడ ఎటు పడుతోందన్నది. ఎన్ని రోజులు ఎక్కుతారో నిర్ణయించేది బండిలో ఉన్న నీళ్లు, వేళ్ల మీద మిగిలిన చర్మం. ప్లానంతా వీటి చుట్టూ అల్లుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

ఉదాహరణకు నమీబియాలోని స్పిట్జ్‌కోపేని తీసుకున్నాను. జోర్డాన్‌లోని వాడి రమ్ అందమైన చోటే, కానీ అది ఇసుకరాయి. వాన పడితే రాయి బలహీనపడుతుంది, ఆరేదాకా దాన్ని ముట్టుకోకూడదు. పైగా అక్కడ పేరున్నది తాడు కట్టి ఎక్కే పెద్ద గోడలకే. మొరాకోలోని తఫ్రావుత్‌లో గ్రానైట్ గుండ్లు బాగుంటాయి. మొదటిసారి ఎడారికి వెళ్లేవాళ్లకి మాత్రం నా ఓటు స్పిట్జ్‌కోపేకే. రాయి గట్టిది, శిబిరం గుండ్ల మధ్యలోనే ఉంటుంది, తారురోడ్డు మరీ దూరం కాదు.

1. నెల ఎంచుకోవడం

మే నుంచి సెప్టెంబరు వరకు వెళ్లండి. దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడ అది చలికాలం. పగలు ఎండ హాయిగానే ఉంటుంది, రాత్రి మాత్రం చలి గట్టిగా పడుతుంది. జూన్, జూలైలలో మంచి స్లీపింగ్ బ్యాగ్ లేకుండా వెళ్తే నిద్ర ఉండదు. ఎడారే కదా అని పల్చటి దుప్పటితో వచ్చి రాత్రంతా బండిలో హీటర్ వేసుకుని కూర్చునేవాళ్లు ప్రతి సీజన్లోనూ ఉంటారు. జనవరి నుంచి మార్చి దాకా వానలు. మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వేడి. ఆ నెలల్లో రాయి మీద చెయ్యి పెట్టడమే కష్టం.

జూలై, ఆగస్టుల్లో యూరప్ సెలవుల జనం వస్తారు కాబట్టి శిబిరం చోటూ, అద్దె బండీ నాలుగైదు నెలల ముందే బుక్ చేసుకోవాలి. మే చివర, జూన్ మొదటి వారాలు నాకు నచ్చిన సమయం. జనం తక్కువ, గాలి చల్లగా ఉంటుంది, వానల తర్వాతి పచ్చదనం కూడా ఇంకా పూర్తిగా పోదు.

2. నీడను చదవడం

ఉత్తరార్ధగోళం నుంచి వచ్చేవాళ్ల అలవాటు ఇక్కడ తలకిందులవుతుంది. స్పిట్జ్‌కోపే దాదాపు 22 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఆకాశంలో, సుమారు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే దక్షిణం వైపు తిరిగిన నిలువు గోడల మీద ఆ నెలలో రోజంతా ఎండ పడదు. ఉత్తరం వైపు గోడలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలుతూనే ఉంటాయి. ఫోన్లో దిక్సూచి తెరిచి, నచ్చిన ప్రతి గుండుకూ అది ఏ దిక్కుకు తిరిగి ఉందో మొదటి రోజే రాసి పెట్టుకోండి. ఈ అరగంట పని ప్రయాణమంతా ఆదుకుంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. పొద్దున పడమటి గోడలు, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడలు, కష్టమైన ప్రాజెక్టులకు (పదేపదే ప్రయత్నిస్తేగానీ ఎక్కలేని గుండ్లకు) దక్షిణపు గోడలు. ఉత్తరపు గోడల్ని సూర్యోదయానికి ముందు వెలుతురులోనో, పొద్దు గూకాక హెడ్‌ల్యాంప్ పెట్టుకునో ఎక్కాలి. తూర్పు గోడ మీదికి నీడ వచ్చిందని వెంటనే పరుగెత్తొద్దు. పొద్దంతా ఎండ తాగిన గ్రానైట్ ఆ వేడిని చాలాసేపు వదలదు. అరచెయ్యి రాయికి ఆనించి పెట్టండి. గోరువెచ్చగా తగిలితే రాతి మీద వేళ్లతో పట్టుకునే చిన్న పట్లు ఇంకా జారతాయనే అర్థం. చెయ్యి చల్లగా అనిపించినప్పుడే షూ కట్టండి.

నమీబియాలో ఏడాదంతా ఒకే గడియారం, ప్రపంచ ప్రామాణిక సమయం (యూటీసీ) కంటే 2 గంటలు ముందు. దేశం పడమటి చివర ఉండే స్పిట్జ్‌కోపేలో అందుకే జూన్‌లో సూర్యుడు ఏడున్నర ప్రాంతంలో గానీ రాడు, సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో వెళ్లిపోతాడు. నాలుగింటికే లేచి చీకట్లో వణకాల్సిన పని లేదు. ఏడుకి టీ పెట్టుకుని, ఎనిమిదికి ఒళ్లు వేడి చేసుకోవడం మొదలెడితే పదకొండు దాకా మంచి సమయం. పన్నెండు నుంచి మూడున్నర దాకా పడుకోండి. ఆ తర్వాత చీకటి పడేదాకా మళ్లీ ఎక్కవచ్చు.

3. కాగితాలు, బీమా, డబ్బు

మీ పాస్‌పోర్టుకు వీసా నిబంధన ఏమిటో టికెట్ కొనకముందే నమీబియా ప్రభుత్వ సైట్లో చూసుకోండి, ఆ నిబంధనలు మారుతుంటాయి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల మీదుగా విమానం మారుతూ వస్తే టీకా సర్టిఫికెట్ అడగవచ్చు, అది కూడా ముందే తేల్చుకోండి. డ్రైవింగ్ లైసెన్సు ఇంగ్లిష్‌లో లేకపోతే అంతర్జాతీయ పర్మిట్ తీసుకెళ్లాలి.

బీమా విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. పాలసీ కాగితంలో రాక్ క్లైంబింగ్‌ని మినహాయించారేమో చదవండి, చాలా పాలసీలు మినహాయిస్తాయి. ప్రమాదం జరిగితే ఆస్పత్రికి తరలించే ఖర్చు అందులో ఉండాలి.

నమీబియా డాలరు దక్షిణాఫ్రికా ర్యాండ్‌తో ఒకటికి ఒకటి. ర్యాండ్ నోట్లు నమీబియాలో చెల్లుతాయి. పట్టణాల్లో కార్డులు నడుస్తాయి, స్పిట్జ్‌కోపే ఊళ్లో మాత్రం చేతిలో నోట్లు ఉండాలి.

4. విమానంలో ప్యాడ్లు

దక్షిణాఫ్రికాలో బౌల్డరింగ్‌కి పేరున్న రాక్‌ల్యాండ్స్‌లోలాగా ఇక్కడ ప్యాడ్లు (పడితే దెబ్బ తగలకుండా గుండు కింద పరిచే మెత్తటి పరుపులు) అద్దెకు దొరుకుతాయని అనుకోవద్దు. మీవి మీరే మోసుకెళ్లాలన్న లెక్కతో బయలుదేరండి. చెకిన్ సామానుకు చాలా విమాన సంస్థలు పెట్టే హద్దు పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు. మామూలు ప్యాడ్ మడిస్తే 100, 65, 25 సెంటీమీటర్ల చొప్పున 190 అవుతుంది. అంటే అది పెద్ద సామాను కిందికి వస్తుంది. టికెట్ తీసుకునేటప్పుడే సంస్థకు కొలతలు రాసి, జవాబును ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, కౌంటర్ దగ్గర వాదించే అవసరం పడదు. మూడు మడతల ప్యాడ్ కొంచెం చిన్నదవుతుంది. గాలి నింపే ప్యాడ్లు చిన్నగా చుట్టుకుంటాయి గానీ నమీబియా ముళ్లను తట్టుకుంటాయన్న నమ్మకం నాకు లేదు.

ప్యాడ్ మడతల మధ్య మెత్తటి బట్టలు, చాక్ (చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడి) బ్యాగులు, బ్రష్షులు కుక్కండి, బరువు మాత్రం 23 కిలోలు దాటనివ్వకండి. చాక్ పొడిని కంపెనీ ప్యాకెట్‌లోనే, చెకిన్ సామానులో పెట్టండి. విప్పిన తెల్లపొడిని చేతిసంచిలో చూస్తే భద్రతా సిబ్బంది పక్కకు పిలుస్తారు. పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే ఉండాలి. వంట గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కడా పెట్టకూడదు, అవి అక్కడే కొనుక్కోవాలి.

ఇద్దరు మనుషులకు రెండు ప్యాడ్లు కనీసం. నలుగురుంటే మూడు పెద్దవీ, సందులు మూయడానికి ఒక పల్చటిదీ చాలు.

5. బండి, దారి

రాజధాని విండ్‌హుక్ విమానాశ్రయం నగరానికి తూర్పున సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ నుంచి ఒకహాంజా, కరిబిబ్, ఉసాకోస్ మీదుగా బీ1, బీ2 రోడ్లు. ఉసాకోస్ దాటాక కుడివైపు డీ1918 మట్టిరోడ్డు వస్తుంది. ఆ మలుపు దగ్గర చిన్న గనుల కార్మికులు స్ఫటికాలూ రాళ్లూ పరచి అమ్ముతుంటారు, గుర్తు పెట్టుకోవడానికి అదే మంచి ఆనవాలు. విండ్‌హుక్ నుంచి మొత్తం దూరం 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ. దిగిన రోజే బయలుదేరొద్దు. ఆ రాత్రి నగరంలో పడుకుని, పొద్దున సామాన్లు కొని, పగలు నడపండి.

పొద్దు గూకాక నడపకూడదన్న మాట అందరూ చెప్పేదే, కారణం మాత్రం గట్టిది. కుడూ అనే పెద్ద జింకలు, అడవిపందులు, పశువులు రోడ్డు మీదికి వస్తాయి. కుడూ మగది 200 కిలోల పైనే ఉంటుంది. రాత్రి నడపడాన్ని నిషేధించే షరతు అద్దె ఒప్పందంలో ఉందేమో కూడా చూడండి. బండి ఎడమవైపు నడపాలి.

స్పిట్జ్‌కోపే దాకా పొడి కాలంలో మామూలు కారు కూడా పోతుంది. అయినా నలుగురు, ప్యాడ్లు, నీళ్లు అంటే పైన టెంటు ఉన్న డబుల్ క్యాబ్ పికప్ తీసుకోండి. రెండు స్పేర్ చక్రాలు అడగండి. టైర్లకూ, అద్దానికీ బీమా ఉందా, బండి ఒక్కటే పల్టీ కొడితే వర్తిస్తుందా అని విడిగా అడిగి రాయించుకోండి. మట్టిరోడ్డు మీద ప్రమాదాలు ఎక్కువగా ఎదుటి బండి లేకుండానే జరుగుతాయి. మట్టిరోడ్డు ఎక్కే ముందు టైర్లలో గాలి కొంత తగ్గించి, గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల మధ్య వెళ్లండి. వెనుక చక్రం పక్కకు జారినట్టనిపిస్తే బ్రేక్ తొక్కకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదిలేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుంటే బండి తనే సర్దుకుంటుంది.

6. నీళ్ల లెక్క

స్పిట్జ్‌కోపేలో శిబిరం చోట్లు కొండ చుట్టూ దూరదూరంగా, ఒక్కో గుండు చాటున ఉంటాయి. పొయ్యి ఉంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది. కొళాయీ కరెంటూ మీ చోట్లో ఉండవు. స్నానానికి రిసెప్షన్ దాకా రావాలి.

మనిషికి రోజుకు 7 లీటర్లు పెట్టుకోండి. తాగడానికి నాలుగైదు, మిగతావి వంటకు, గిన్నెలకు, ముఖం కడుక్కోవడానికి. ముగ్గురికి నాలుగు రోజులంటే 84 లీటర్లు, అంటే 25 లీటర్ల జెర్రీక్యాన్లు నాలుగు. మిగిలిన కొద్దిపాటి నీళ్లు అత్యవసరానికి. నాలుగింటినీ బండి వెనుక పేర్చకుండా ముందు సీట్ల వెనక దగ్గరగా, పట్టీతో కట్టండి. వంద కిలోల నీళ్లు వెనక కదిలితే మట్టిరోడ్డు మీద బండి తోక ఊపుతుంది.

గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టు తెలియదు, కారేలోపే ఆరిపోతుంది. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మధ్యాహ్నం మూత్రం ముదురు రంగులో ఉంటే సాయంత్రం ప్రాజెక్టు మానుకుని ఓఆర్ఎస్ తాగండి.

పొడి నెలల్లో నీళ్లున్న చోటికి తేనెటీగలు వెతుక్కుంటూ వస్తాయి. క్యాను మూత తెరిచి ఉంచొద్దు, గిన్నెలు కడిగిన నీళ్లు శిబిరానికి దూరంగా పోయండి. తేనెటీగల అలర్జీ ఉన్నవాళ్లు అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంట ఉంచుకోవాలి.

కరెంటు కోసం బండిలో ఇన్వర్టర్ ఉంటే చాలు. పట్టణాల్లో సాకెట్ మూడు గుండ్రటి లావు పిన్నులది, 15 ఆంపియర్ల రకం.

7. శిబిరం వేయడం

బుక్ చేసుకునేటప్పుడు చోటు నంబర్‌తో పాటు గుండుకు ఏ పక్క ఉందో అడగండి. చలికాలంలో ఈశాన్యానికి తెరిచిన చోటు మేలు. తెల్లారగానే ఎండ తగిలి ఒళ్లు వేడెక్కుతుంది, టెంటు మీద మంచు తడి ఉంటే ఆరిపోతుంది. మధ్యాహ్నపు నిద్రకు గుండుకు దక్షిణం పక్కకు చాప మార్చుకోవడం పెద్ద పనేం కాదు.

రాత్రి టెంటు జిప్పు ఒక్క నిమిషం కూడా తెరిచి ఉంచకండి. ఇక్కడ జీబ్రా పాము అనే విషం చిమ్మే నాగుపాము ఉంటుంది. అది రాత్రి తిరుగుతుంది, పడుకున్న మనుషుల్ని కరిచిన సంఘటనలు నమీబియాలో తరచుగా ఉన్నాయి. నేల మీద బయట పడుకోవడం ఎంత అందంగా అనిపించినా మానుకోండి. బండి పైన టెంటు ఉన్నది తీసుకోవడానికి ఇదో మంచి కారణం. చీకట్లో నడిస్తే టార్చి వేసుకోవాలి, పొద్దున బూట్లు దులిపి వేసుకోవాలి. విషం కంట్లో పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడుగుతూనే ఉండి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తేళ్లలో తోక లావుగా, కొండీలు సన్నగా ఉన్నవి ప్రమాదకరమైనవి. ప్యాడ్‌ను నేల నుంచి లేపేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు లేపండి, కింద దాగి ఉన్నది మీ వైపు రాకుండా ప్యాడే అడ్డమవుతుంది.

కట్టెలు ఏరకండి, కొనుక్కోండి. గుండ్ల మధ్య కొవ్వొత్తుల్లా నిలబడే ముళ్ల యుఫోర్బియా పాలు చర్మానికీ కళ్లకీ మంచివి కావు. పడే చోటికి అడ్డంగా ఉందని దాన్ని విరగ్గొట్టే ప్రయత్నం చేయొద్దు.

8. రాయి మీద మొదటి రోజులు

ఈ గ్రానైట్ సుమారు 12 కోట్ల ఏళ్ల కిందటిది. పెద్ద శిఖరం 1728 మీటర్లు, చుట్టూ మైదానం మీద నుంచి 600 మీటర్లకు పైగా లేచి ఉంటుంది. ఆ కొండల అడుగున, మధ్యన పడి ఉన్న గుండ్లే మీ లక్ష్యం. రాయి పొరలు పొరలుగా, ఉల్లిపొర ఊడినట్టు, పైనుంచి విడిపోతూ వస్తుంది. అందుకే అంచు పట్టు ఏదైనా మొదట వేలి కణుపుతో తట్టి చూడండి. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే లాగకండి. పైన ముగింపు దగ్గరి పట్లను కింద నుంచి చూసి నమ్మకండి, వెనక నుంచి నడిచి పైకెక్కి తట్టి రండి. ఎవరూ ఎక్కని గుండ్లు ఇక్కడ ఇంకా చాలా ఉన్నాయి, కాబట్టి ఈ పని తప్పదు.

గ్రానైట్‌లో స్ఫటికాలు ముతకగా ఉంటాయి. మొదటి రోజు ఉత్సాహంలో చిన్న పట్ల మీద పడి లాగితే రెండో రోజుకు వేళ్లు మంట. మొదటి రోజు తేలిక స్లాబులే (ఏటవాలుగా వాలిన రాళ్లు) ఎక్కండి, అక్కడ పని కాళ్లదీ రాపిడిదీ. రెండు రోజులు ఎక్కి ఒక రోజు ఆగే పద్ధతి ఇక్కడ సరిపోతుంది. ప్రతి గంటకూ వేలి చివర్లు చూసుకుని, లేచిన అంచును ఫైల్‌తో అరగదీయండి. పెచ్చు ఊడితే చిన్న కత్తెరతో కత్తిరించి టేపు వేయండి. రాత్రి చేతులు కడిగి మైనం రాయండి.

చలికాలపు పొడి గాలికి చర్మం అద్దంలా నున్నగా తయారై, చాక్ ఎంత రాసినా జారే సమస్య ఒకటుంది. అప్పుడు చాక్ పెంచడం కాదు, తగ్గించాలి. తడిగుడ్డతో వేళ్లు ఒక్కసారి అద్ది, ఆరనిచ్చి, తర్వాత పల్చగా రాసుకుంటే పట్టు తిరిగి వస్తుంది.

నేలంతా గ్రానైట్ నూక. షూ అడుగున రెండు మూడు రేణువులున్నా స్లాబ్ మీద కాలు జారుతుంది. చిన్న కార్పెట్ ముక్క ఒకటి తెచ్చుకుని, ఎక్కే ముందు దాని మీదే నిలబడి, షూ అడుగును గుడ్డతో తుడిచి, రబ్బరును చేత్తో రుద్దండి. చప్పుడు వస్తేనే ఎక్కండి. మధ్యాహ్నం షూలు బండి డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఆ వేడికి అంటించిన రబ్బరు ఊడుతుంది.

స్పాటర్ (ఎక్కేవాళ్లు పడితే కాచుకోవడానికి కింద నిలబడే మనిషి) ప్యాడ్ మీద నిలబడకుండా పక్కన ఉండి, పడే మనిషి నడుమును ప్యాడ్ వైపుకు మళ్లించాలి. ఎక్కువ ఎత్తు గుండ్లు కళ్లను ఊరిస్తాయి. ఇక్కడ చీలమండ విరిగితే బండి దాకా మోసుకెళ్లేది మీ స్నేహితులే. ఉసాకోస్‌లో ప్రభుత్వాసుపత్రి ఉంది, పెద్ద చికిత్సకు తీరంలోని స్వకోప్‌ముండ్ పట్టణానికో విండ్‌హుక్‌కో వెళ్లాలి. మడిచే స్ప్లింటు, క్రేప్ బ్యాండేజి, నొప్పి మాత్రలు ప్యాడ్‌తో పాటే ఉండాలి, శిబిరంలో కాదు. బండి తాళం ఎక్కడుందో అందరికీ తెలిసి ఉండాలి.

9. ముట్టుకోకూడనివి

స్పిట్జ్‌కోపేలో శాన్ జాతి వారు వేసిన ప్రాచీన బొమ్మలు రాళ్ల మీద ఉన్నాయి. కొన్ని చోట్లకు గైడుతోనే వెళ్లనిస్తారు. నమీబియా జాతీయ వారసత్వ చట్టం (2004) ఇలాంటి వాటిని కాపాడుతుంది. ఎరుపు, గోధుమ రంగు మచ్చలు కనిపించిన గుండు మీద చాక్ అసలు వేయకండి, ముందు రిసెప్షన్లో అడగండి. ఫొటోలకు పేరున్న సహజ తోరణం కూడా ఎక్కడానికి కాదు. గేటు దగ్గర ప్రవేశ రుసుము కట్టి, ఎక్కడానికి మూసిన ప్రాంతాలు ఏవో అప్పుడే కనుక్కోండి. ఈ ప్రాంతం గైంగు కన్సర్వెన్సీలో (స్థానికులే నడుపుకునే పరిరక్షణ ప్రాంతం) భాగం. ఊరి దామరా జాతి కుటుంబాలకు పర్యాటకం ఆదాయం, అక్కడి వాళ్లే చోట్లు చూసుకుంటారు.

చాక్ గుర్తుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో గీసిన గీతను కడిగే వాన జనవరి దాకా రాదు. ఎనిమిది నెలలు ఆ తెల్ల మరక వచ్చేవాళ్లందరికీ కనిపిస్తుంది. అక్కడి నుంచి వెళ్లేముందు బ్రష్‌తో తుడవండి, ఇనుప బ్రష్ మాత్రం వాడకండి. టాయిలెట్ కాగితం, టేపు ముక్కలు సంచిలో కట్టి తిరిగి తెచ్చుకోండి. ఎండలో అవి కుళ్లవు, ఎండి గాలికి ఎగురుతాయి.

10. రోజుల అమరిక

పది రోజుల ప్రయాణానికి నేనిచ్చే అమరిక ఇది. మొదటి రోజు విండ్‌హుక్‌లో దిగడం, పడుకోవడం. రెండో రోజు కొనుగోళ్లు, డ్రైవు, సాయంత్రం నడిచి దిక్కులు రాసుకోవడం. మూడు, నాలుగు ఎక్కడం, అయిదు విశ్రాంతి. ఆ రోజు స్వకోప్‌ముండ్‌కు పోయి నీళ్లు, కూరగాయలు తెచ్చుకోండి. తీరం పొగమంచుతో చల్లగా ఉంటుంది, ఒంటికి కాస్త ఉపశమనం. జూన్ నుంచి ఆగస్టు దాకా ఒక్కోసారి లోపలి నుంచి తూర్పుగాలి వీస్తుంది. అది వేడిగా, ఇసుకతో వస్తుంది కాబట్టి ఆ రోజు అక్కడ చల్లదనం ఉండదు. ఆరు, ఏడు ఎక్కడం, ఎనిమిది సగం రోజు, తొమ్మిదో రోజు తిరుగుదారి, పదోరోజు విమానం.

ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడానికి మొహమాటపడకండి. టైరు పగిలిందని రోజు పోగొట్టుకుని, దాని కోపంలో చర్మం లేని వేళ్లతో కష్టమైన గుండు మీద పడేవాళ్లు ఎక్కువ.

వెళ్లే రోజు ప్యాడ్లను ఎండలో తెరిచి, గట్టిగా దులిపి, మడతల్లో ఏదైనా దాగిందేమో చూసి కట్టండి. బండి తిరిగి ఇచ్చే ముందు తారురోడ్డు మీద టైర్లలో మళ్లీ గాలి నింపించండి, బండిని చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి. మిగిలిన నమీబియా నోట్లు విమానాశ్రయంలోనే మార్చేయండి లేదా ఖర్చు పెట్టేయండి. ర్యాండ్ అక్కడ చెల్లినట్టు నమీబియా డాలరు బయట చెల్లదు.